మునిర్కాలో 22 నెలలు

2018 ఏప్రిల్ 17వ తేదీ ఉదయం ఆరు గంటల వేళ పుణె పోలీసులు దక్షిణ ఢిల్లీలోని మునిర్కాలో ఒక ఇంటి తలుపు తట్టారు. ఆ ఇంట్లో ఉంటున్నది రోనా విల్సన్. కేరళకు చెందిన ఈ పరిశోధకుడు రాజకీయ ఖైదీల విడుదల కోసం పనిచేసే కమిటీలో చాలాకాలంగా ఉన్నారు. అమలాపురం ప్రాంతం నుంచి వెళ్లి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడైన జి.ఎన్. సాయిబాబా విడుదలకై సాగిన ప్రయత్నాలలోనూ ఆయన పాలుపంచుకున్నారు. సోదా ముగిసేసరికి ఆయన ల్యాప్‌టాప్, ఇతర ఎలక్ట్రానిక్ పరికరాలు పోలీసుల స్వాధీనమయ్యాయి. ఏడు వారాల తరువాత, జూన్ 6న, ఆయనను అరెస్టు చేశారు. భీమా కోరెగావ్ కేసుగా దేశమంతటికీ తెలిసిన ఈ వ్యవహారంలో క్రమంగా 16 మంది జైలు పాలయ్యారు. ప్రధానమంత్రి హత్యకు ‘రాజీవ్ గాంధీ తరహా’ పథకాన్ని ప్రస్తావించే లేఖ కూడా మునిర్కా ఇంట్లో దొరికిన డిస్కులోనే ఉన్నదని పోలీసులు ప్రకటించారు. కేసుకు ఆయువుపట్టు ఆ డిస్కే.

తన ఇంటి కంప్యూటర్‌లో ఏమున్నదో దాని యజమానికి తెలియకుండా ఉంటుందా? ఆ వేసవిలో ఈ ప్రశ్న ఎవరైనా వేసి ఉంటే నిందితుడి తరఫు న్యాయవాది కల్పించిన సాకుగా కొట్టిపారేసేవారు. మూడేళ్ల తరువాత ఆ ప్రశ్నే కేసులో ప్రధాన వివాదమైంది.

మునిర్కా జాట్‌ల ఊరు. టోకస్ ఇంటిపేరుగలవారి పూర్వ గ్రామం. 1969లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికీ, ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ ఫ్లాట్లకూ పొలాలు పోగా మిగిలిన ఊరు నిలువునా పెరిగింది. ఎదుటి బాల్కనీ చేతికి అందేంత ఇరుకు గల్లీలు, తల ఎత్తితే ఆకాశానికి అడ్డంగా కేబుల్ తీగల కట్టలు. హాస్టల్‌లో చోటు దొరికే వరకు తలదాచుకునే తెలుగు విద్యార్థులు, ఈశాన్య రాష్ట్రాల యువతీయువకులు, సివిల్స్ అభ్యర్థులు, చిన్న జీతాల పాత్రికేయులు - ఢిల్లీలో రాజకీయాలు మాట్లాడే అద్దె జనాభాలో గణనీయమైన భాగం ఒకప్పుడో మరొకప్పుడో ఇక్కడ కాపురం ఉన్నదే. ఇలాంటి అద్దె ఇళ్లలో ఒకే ఇంటర్నెట్ కనెక్షన్‌ను నాలుగైదు గదులవారు పంచుకోవడం మామూలు. రాత్రి పది దాటితే గేటుకు తాళం పడుతుందని యజమాని మొదటి రోజే చెబుతాడు. రౌటర్‌కు తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్‌ను మార్చాలని మాత్రం ఎవరికీ తోచదు. కిరాయిదారులు మారుతూనే ఉంటారు, పాస్‌వర్డ్ మాత్రం అదే.

విల్సన్ కంప్యూటర్‌లోకి చొరబాటు అయితే ఆ దారిన రాలేదు. అది ఉత్తరం రూపంలో వచ్చింది.

నిందితుల న్యాయవాదులు డిస్కు ప్రతిని అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే డిజిటల్ ఫోరెన్సిక్ సంస్థకు పంపారు. 2021 ఫిబ్రవరిలో వాషింగ్టన్ పోస్ట్ ద్వారా బయటికి వచ్చిన ఆ సంస్థ నివేదిక ప్రకారం కథ 2016 జూన్ 13న మొదలైంది. ఆ రోజు విప్లవ కవి వరవరరావు ఈమెయిల్ ఖాతాను ఉపయోగిస్తున్న ఎవరో విల్సన్‌కు ఉత్తరాలు రాశారు. ఒక పత్రాన్ని తెరిచి చూడమని ఒకటికి నాలుగుసార్లు కోరారు. డ్రాప్‌బాక్స్ లింకు అనుకుని విల్సన్ నొక్కినది నిజానికి చొరబాటుదారుల సర్వర్‌కు దారి. చివరికి పత్రం తెరుచుకున్నదని ఆయన మర్యాదగా జవాబు కూడా ఇచ్చారు. తెర మీద ఒక మామూలు పత్రం కనిపిస్తుండగా, దాని వెనుక నెట్‌వైర్ అనే మాల్‌వేర్ యంత్రంలో స్థిరపడింది. ఆ రోజు నుంచి పోలీసులు తలుపు తట్టే వరకు గడిచిన కాలం 22 నెలలు.

‘ఎవరో’ అన్న మాటను ఇక్కడ గట్టిగా పట్టుకోవాలి. పంపింది వరవరరావు అని నివేదిక అనలేదు, ఆయన ఖాతాను వాడుతున్న వ్యక్తి అని మాత్రమే అన్నది. ఆ సున్నితమైన తేడాలోనే ఈ దాడి రహస్యం ఉంది. అపరిచితుడు పంపిన మూటను ఎవరూ విప్పరు. హైదరాబాద్ నుంచి, ఏళ్లుగా ఎరిగిన పెద్దాయన పేరు మీద, ‘తెరుచుకోలేదా, మరోసారి ప్రయత్నించు’ అన్న ధోరణిలో వచ్చిన ఉత్తరాన్ని అనుమానించడం అమర్యాద అనిపిస్తుంది. ఆ మొహమాటం మీదనే దాడి నడిచింది.

ఈ ఉపాయానికి వయసు తక్కువేమీ కాదు. 2000 మే 4న మనీలాలో పుట్టి రెండు రోజుల్లో ప్రపంచమంతా పాకిన ‘ఐ లవ్ యూ’ కూడా ఉత్తరమే. దాన్ని తెరిచినవారి చిరునామా పుస్తకంలోని ప్రతి ఒక్కరికీ అది వారి పేరు మీదే మళ్లీ వెళ్లింది. పైకి ప్రేమలేఖలా కనిపించిన ఆ ఫైలు నిజానికి ప్రోగ్రామ్. విండోస్ దాని పేరు చివరి అక్షరాలను దాచిపెట్టడం వల్ల జనానికి తేడా తెలియలేదు. దాన్ని రాసిన యువకుడిని శిక్షించడానికి ఫిలిప్పీన్స్‌లో అప్పటికి చట్టమే లేదు. అదే నెలలో భారత పార్లమెంటు సమాచార సాంకేతిక చట్టాన్ని ఆమోదించింది. ఇంకా వెనక్కి వెళితే, 1986లో లాహోర్‌లోని ఇద్దరు అన్నదమ్ములు రాసిన ‘బ్రెయిన్’ వ్యక్తిగత కంప్యూటర్లకు సోకిన తొలి వైరస్‌గా చరిత్రకెక్కింది. ఆ సోదరులు తమ పేర్లు, దుకాణం చిరునామా, ఫోను నంబరు వైరస్‌లోనే రాసిపెట్టారు. చొరబాటుదారుడు సంతకం చేసిన కాలం అది.

నెట్‌వైర్ రచయితలకూ దాపరికం లేదు, కాకపోతే అది వేరే రకం. 2012 నుంచి ఇంటర్నెట్‌లో బాహాటంగా అమ్ముడైన సరుకు అది. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే పనిముట్టు అన్న ముసుగులో, స్వల్ప ధరకే, ఎవరికైనా దొరికేది. 2023 మార్చిలో క్రొయేషియాలో ఒకరిని అరెస్టు చేసి, అమెరికా అధికారులు ఆ వెబ్‌సైటును స్వాధీనం చేసుకునే దాకా ఆ అంగడి నడుస్తూనే ఉంది. యంత్రంలో చేరాక అది యజమాని నొక్కే ప్రతి మీటనూ నమోదు చేస్తుంది; పాస్‌వర్డ్‌లను సేకరిస్తుంది; ఫైళ్లను తీసుకుపోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, బయటి ఫైళ్లను తెచ్చి లోపల పెట్టగలదు. విల్సన్ చూసిన వెబ్‌సైట్లు, రాసిన ఉత్తరాలు, కొట్టిన పాస్‌వర్డ్‌లు ఉన్న నెట్‌వైర్ చిట్టాలు డిస్కులోనే ఆర్సెనల్‌కు దొరికాయి. దొంగ తన దినచర్య పుస్తకాన్ని చోరీ చేసిన ఇంట్లోనే మరచిపోయాడన్నమాట.

ఆ 22 నెలలలో దేశంలో ఏమి జరుగుతున్నదో వరుసగా చూస్తే చరిత్ర ఎంత నిర్లిప్తంగా నడుస్తుందో అర్థమవుతుంది. 2016 అక్టోబరులో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇళ్లలోని రౌటర్లను, నిఘా కెమెరాలను వశం చేసుకుని అమెరికాలో ప్రధాన వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. అది వాడిన ఆయుధం, తయారీదారులు పెట్టి వినియోగదారులు మార్చకుండా వదిలేసిన అరవై పైచిలుకు పాస్‌వర్డ్‌ల జాబితా. నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాయి. కంప్యూటర్ జోలికి పోనివారు సైతం డిజిటల్ చెల్లింపులలోకి నెట్టబడ్డారు. ఆర్సెనల్ నివేదికను బట్టి, మునిర్కా యంత్రంలో ఒక రహస్య ఫోల్డర్ రూపుదిద్దుకున్నది కూడా ఆ నెల తొలివారంలోనే. 2017 ఫిబ్రవరి 21న కేంద్రం ‘సైబర్ స్వచ్ఛతా కేంద్ర’ను ప్రారంభించి, ఇంటి కంప్యూటర్లను శుభ్రం చేసుకోవడానికి ఉచిత పరికరాలు ఇచ్చింది. అవి ప్రధానంగా మూకుమ్మడిగా సోకే బాట్‌నెట్‌ల కోసం తయారైనవి. ఒకే వ్యక్తిని గురిపెట్టి నెలల తరబడి లోపల కూర్చునే చొరబాటును పట్టడం వేరే పని. మే నెలలో వానాక్రై ప్రపంచాన్ని కుదిపేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు సైతం మూగబోయాయి. ఇతరుల కంప్యూటర్లు సోదా చేసే శాఖ తన కంప్యూటర్లను కాచుకోలేకపోయిందని ఆనాడు వ్యంగ్యాలు వినబడ్డాయి కానీ, అందులోని గంభీరమైన పాఠాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆ కేసు పిటిషనర్, ఒకప్పటి ఆంధ్రప్రదేశ్ బీసీ కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ పుట్టస్వామి పేరు రాజ్యాంగ చరిత్రలో స్థిరపడిన ఆ రోజున, సుప్రీంకోర్టుకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని ఒక ఇంట్లో చొరబాటుకు పద్నాలుగు నెలలు నిండాయి.

కాగితం కాలంలో ఈ సమస్య ఈ రూపంలో లేదు. వరవరరావే మంచి ఉదాహరణ. 1974లో పెట్టిన సికింద్రాబాద్ కుట్ర కేసులో ఆయన, విరసం సహచరులు నిందితులు. రచనలు, ఉపన్యాసాలే నేరానికి ప్రేరణ అన్నది అప్పటి అభియోగం. విచారణ పదిహేనేళ్లు సాగి 1989లో నిర్దోషిత్వంతో ముగిసింది. న్యాయం ఆలస్యమైంది, నిజమే. కానీ అది వాదించగల కేసు. చేతిరాతకు సంతకపు ఆనవాలు ఉంటుంది. టైపు మిషన్‌కు వంకర అక్షరం ఉంటుంది. కాగితానికి మడత, సిరాకు వయసు ఉంటాయి. సోదాకు ఊరి పెద్దమనుషులు ఇద్దరు పంచులుగా నిలబడి, బీరువాలో ఏది దొరికిందో కళ్లతో చూసి పంచనామాపై సంతకం పెడతారు. పోలీసులే కాగితం పెట్టారన్న ఆరోపణలు అప్పుడూ ఉండేవి. అయితే పెట్టడానికి ఎవరో ఒకరు ఇంట్లోకి నడిచి రావాలి. కంప్యూటర్‌ను సంచిలో వేసి లక్క వేస్తుంటే పంచులు చూసేది ప్లాస్టిక్ డొల్లను మాత్రమే. లోపల అక్షరాలు ఎన్నడు పడ్డాయో, ఎవరు వేశారో వారి సంతకం చెప్పజాలదు.

అందుకే ఆర్సెనల్ నివేదికలో అందరికీ అర్థమయ్యే భాగం సాంకేతికం కానిదే. మొదట పరిశీలించిన పది పత్రాలను విల్సన్ గానీ, ఆ యంత్రం ముందు కూర్చున్న మరెవరైనా గానీ ఒక్కసారైనా తెరిచిన జాడ లేదని ఆ సంస్థ తేల్చింది. వాటిలో కొన్ని తయారైన వర్డ్ సాఫ్ట్‌వేర్ కొత్తది. ఆ కంప్యూటర్‌లో ఉన్నది 2007 నాటి పాతది. టైపు మిషన్ వంకర అక్షరానికి ఇది ఈనాటి రూపం. రహస్య ఫోల్డర్‌లో చివరి మార్పు 2018 ఏప్రిల్ 16 సాయంత్రం జరిగిందని, అంటే సోదాకు ముందు రోజని కూడా నివేదిక లెక్కకట్టింది. తరువాతి నివేదికలో మరో 22 ఫైళ్లను ఇదే కోవలో చేర్చింది. నాగపూర్ న్యాయవాది సురేంద్ర గాడ్లింగ్, జెసూట్ ఫాదర్ స్టాన్ స్వామి కంప్యూటర్లపైనా అటువంటి నివేదికలే వచ్చాయి. స్టాన్ స్వామిపై నివేదిక 2022 డిసెంబరులో వెలువడింది. ఆయన విచారణ ఖైదీగానే 2021 జులై 5న మరణించారు.

జాతీయ దర్యాప్తు సంస్థ దీన్ని అంగీకరించలేదు. ప్రభుత్వ గుర్తింపు గల ప్రయోగశాల పరీక్షలో మాల్‌వేర్ ఆనవాలేదీ కనబడలేదని, ఆర్సెనల్ నివేదిక అభియోగపత్రంలో భాగం కాదు కాబట్టి ఈ దశలో దాన్ని లెక్కలోకి తీసుకోరాదని వాదించింది. చొరబాటుదారు ఎవరో ఆర్సెనల్ కూడా చెప్పలేదు. 2022 జూన్‌లో వైర్డ్ పత్రిక, సెంటినల్‌వన్ భద్రతా పరిశోధకుల సహాయంతో ఒక కథనం ప్రచురించింది. విల్సన్, వరవరరావు, ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు హనీ బాబుల ఈమెయిల్ ఖాతాలకు జోడించిన పునరుద్ధరణ చిరునామా, ఫోను నంబరు పుణె పోలీసు అధికారి ఒకరికి సంబంధించినవని అందులో ఆరోపించింది. అది ఇంతవరకు ఏ న్యాయస్థానంలోనూ రుజువైన విషయం కాదు, ఆరోపణగానే చదువుకోవాలి. అయితే ప్రయోగశాల ఒకటి ‘లేదు’ అంటే, మరొకటి ‘ఇదిగో’ అని చిట్టాలు చూపిస్తే, ఆ తేడాను పరిష్కరించే బాధ్యత విచారణ మొదలయ్యే దాకా వాయిదా వేయదగినది కాదు. టర్కీలో ఓడాటీవీ పాత్రికేయులను 2011లో ఇలాగే కంప్యూటర్ ఫైళ్ల ఆధారంగా జైలుకు పంపారు. ఆ ఫైళ్లు బయటి నుంచి చేర్చినవని ఫోరెన్సిక్ పరిశీలనలు చూపాయి, అందులో ఆర్సెనల్ పాత్ర ఉంది. వారందరూ 2017 ఏప్రిల్‌లో నిర్దోషులుగా బయటపడ్డారు. అప్పటికి ఆరేళ్లు గడిచాయి.

మరి ఇంటి కంప్యూటర్‌ను ఏది కాపాడి ఉండేది? ఇక్కడ భద్రతా నిపుణుల మామూలు జాబితా అంతగా పనికిరాదు. డిస్కును సంకేతభాషలోకి మార్చి తాళం వేసే ఎన్‌క్రిప్షన్ మంచిదే. ల్యాప్‌టాప్ పోయినప్పుడు అక్కరకొస్తుంది. కానీ యజమాని స్వయంగా తాళం తీసి పని చేసుకుంటుండగా అతని భుజం వెనుక కూర్చున్నవాడికి అది అడ్డం కాదు. సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు నవీకరించి ఉంటే వానాక్రై ఆగేది, రెండు నెలల ముందే మైక్రోసాఫ్ట్ మందు ఇచ్చింది గనుక. యజమాని చేతులతో తెరిచిన ఉత్తరానికి ఆ మందు పనిచేయదు. యాంటీవైరస్ తెలిసిన దొంగల ఫొటోలున్న ఠాణా గోడ వంటిది. ముఖం కొంచెం మార్చుకున్నవాడు దాని ముందు నుంచే నడిచి వెళతాడు.

పనికొచ్చేవి చాలా సాదా పనులు. పట్టుబట్టి ఫైలు తెరవమంటున్న మిత్రుడికి ఫోను చేసి ‘ఇది నువ్వేనా పంపావు’ అని అడగడం వాటిలో మొదటిది. మూడోసారి అడిగారంటే అదే అనుమానానికి కారణం. వచ్చిన పత్రాన్ని యంత్రంలోకి దింపకుండా బ్రౌజర్‌లోనే చూడటం, ఫైళ్ల పేర్ల చివరి అక్షరాలు కనిపించేలా విండోస్ అమరికను మార్చడం, రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేని ఖాతాను వాడటం తరువాతివి. ఈమెయిల్‌కు రెండంచెల ధ్రువీకరణ పెట్టడంతో పాటు, పునరుద్ధరణ కోసం ఇచ్చిన చిరునామా, ఫోను నంబరు తమవేనా అని నెలకొకసారి చూసుకోవాలి. వైర్డ్ కథనం నిజమైనా కాకపోయినా ఈ ఒక్క అలవాటు విలువైనది. ఆ కిటికీ ద్వారా వచ్చినవాడికి కొత్త పాస్‌వర్డ్ కూడా అడ్డం కాదు. ఇక రౌటర్ విషయం. మునిర్కా వంటి చోట ఇంటి యజమాని ఆధీనంలో ఉన్న రౌటర్‌ను నమ్మడం కంటే, అద్దెకున్నవారు సొంత మొబైల్ డేటా మీద ముఖ్యమైన పనులు చేసుకోవడం మేలు.

వీటన్నిటినీ పాటించినా, పౌరుడి జాగ్రత్తకు ఒక హద్దు ఉంది. వరవరరావు ఖాతాను విల్సన్ కాపాడలేరు. తన తాళం ఎంత గట్టిదైనా, తనకు ఉత్తరం రాసేవారందరి తాళాలూ గట్టిగా ఉండాలి. పెగసస్ వచ్చాక ఆ హద్దు మరింత దగ్గరకు జరిగింది. 2019లో వాట్సాప్ ద్వారా ప్రపంచవ్యాప్తంగా సుమారు 1,400 ఫోన్లపై జరిగిన దాడిలో దేన్నీ నొక్కవలసిన అవసరమే లేకపోయింది. ఇక్కడి బాధితులలో భీమా కోరెగావ్ నిందితుల న్యాయవాదులు, మద్దతుదారులు ఉన్నారు. సుప్రీంకోర్టు నియమించిన నిపుణుల కమిటీ 29 ఫోన్లు పరీక్షించి ఐదింటిలో ఏదో మాల్‌వేర్ ఉన్నదని, అది పెగసస్ అనడానికి నిర్ధారణ లేదని 2022లో నివేదించింది. కేంద్రం సహకరించలేదన్న మాటను కూడా కమిటీ కోర్టుకు చెప్పింది. ఆ తరువాత చర్చ మెల్లగా చల్లారిపోయింది.

ఆ హద్దు దాటాక మిగిలేది చట్టం. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2014లో చెప్పి, 2020లో మళ్లీ ఖరారు చేసింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ఆ ధ్రువపత్రంలో హ్యాష్ విలువను చేర్చింది. ఒక డిస్కులోని సమాచారమంతటినీ గణితంతో మథించి తీసే వేలిముద్ర అది. ఆ తరువాత ఒక్క అక్షరం మారినా వేలిముద్ర మారిపోతుంది. స్వాధీనం చేసుకున్న క్షణానే, యజమాని ఎదుట దాన్ని లెక్కకట్టి పంచనామాలో రాస్తే, ఠాణాలో ఏమీ చేర్చలేదని పోలీసులూ, చేర్చారని నిందితుడూ రుజువుతో మాట్లాడగలరు. ఇది ఇరుపక్షాలకూ రక్ష. అయితే సోదాకు ముందే లోపల చేరిన ఫైలు విషయంలో హ్యాష్ విలువ నోరు మెదపదు; చొరబడినవాడు పెట్టిన అక్షరాన్ని కూడా అది అంతే నిజాయితీగా ముద్ర వేసి ఇస్తుంది. 2023 అక్టోబరులో న్యూస్‌క్లిక్ పాత్రికేయుల ఇళ్ల నుంచి ఫోన్లు, కంప్యూటర్లు మూటలుగా తరలిపోయాక, పరికరాల స్వాధీనానికి మార్గదర్శకాలు కావాలని సుప్రీంకోర్టు కేంద్రాన్ని అడిగింది. అవి వచ్చే వరకు సీబీఐ మాన్యువల్‌ను పాటిస్తామని కేంద్రం బదులిచ్చింది. పౌరుడి జీవితమంతా ఇమిడిన వస్తువును తీసుకుపోవడానికి పార్లమెంటు చేసిన నియమం కాక, ఒక దర్యాప్తు సంస్థ తన సిబ్బంది కోసం రాసుకున్న చేతిపుస్తకం ఆధారమైంది.

సాయిబాబా కేసు ఈ మధ్యలో ఒక ముగింపుకు వచ్చింది. 2013 సెప్టెంబరులో ఆయన ఇంటి నుంచి తీసుకుపోయిన కంప్యూటర్ సామగ్రే ఆ కేసుకూ మూలం. అందులోని ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ప్రాసిక్యూషన్ చట్టప్రకారం రుజువు చేయలేకపోయిందని బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2024 మార్చి 5న తేల్చి ఆయనను నిర్దోషిగా విడిచిపెట్టింది. ఏడు నెలల తరువాత, అక్టోబరు 12న, హైదరాబాద్‌లో ఆయన కన్నుమూశారు.

విల్సన్‌కు బొంబాయి హైకోర్టు 2025 జనవరి 8న బెయిలు ఇచ్చింది. అప్పటికి ఆరున్నరేళ్లు దాటినా అభియోగాలు ఖరారు కాలేదని, సాక్షుల సంఖ్య మూడువందల పైమాటే కాబట్టి విచారణ త్వరలో ముగియదని కోర్టు కారణం చూపింది. కంప్యూటర్‌లోకి ఎవరు చొరబడ్డారు, ఫైళ్లు ఎవరు పెట్టారు అన్న ప్రశ్న జోలికి ఉత్తర్వు వెళ్లలేదు. జనవరి 24న ఆయన జైలు నుంచి బయటికి వచ్చారు. మునిర్కా ఇంటి నుంచి తీసుకుపోయిన డిస్కు ఆ కేసులో ఇంకా సాక్ష్యంగానే ఉంది.